బ్రష్ పట్టుకునే తీరు

మా బడిలో డ్రాయింగ్ సారు చెప్పాపెట్టకుండా మానేసిన ఏడు, ఆ పీరియడ్లు నా నెత్తిన పడ్డాయి. చిట్యాలలో అదొక చిన్న ప్రైవేటు బడి. నేను చిన్న తరగతులకు తెలుగూ లెక్కలూ చెప్పేదాన్ని. పెద్ద మేడం నన్ను పిలిచి, "నీ అచ్చరాలు ముత్యాల్లెక్కుంటయి గద. కొత్త సారు దొరికేదాంక బొమ్మలు గూడ నువ్వే జూస్కో" అంది. ముత్యాల్లాంటి అక్షరాలకూ బొమ్మలకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. సున్నా గుండ్రంగా చుట్టగలిగిన మనిషి కుండ కూడా వేయగలదని ఆమె లెక్క కాబోలు. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు కాబట్టి సరేనన్నాను.

కానీ ఆ మాట విన్నప్పుడు కోపం కంటే ముందు భయమేసింది. అప్పటికి కొన్ని నెలలుగా పొద్దున లేవగానే నా కుడిచేతి వేళ్ళు బిగుసుకుని ఉంటున్నాయి. చెంబులో వేడినీళ్ళు పోసి చెయ్యి ముంచి, వేలు వేలూ నలుపుకుంటే వదులయ్యేవి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంకెవరికైనా అయితే అదొక చిన్న నొప్పి, జండూబామ్‌తో పోయేది. నాకు కాదు.

మా పుట్టిల్లు మునుగోడు అవతల. అక్కడి బోరింగు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉందనీ, అది ఎముకల్లో చేరి కూచుంటుందనీ మా ఇంట్లో తెలిసేసరికే నన్ను కన్న బాపు నడుము వంగిపోయింది. ఆయన నిలబడితే కనపడేది నేలే. ఎదుటి మనిషి మొహం చూడాలంటే ఒళ్ళంతా పక్కకు తిప్పాలి. చాయ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతాడు. నా పళ్ళ మీదా ఆ నీళ్ళ చారలున్నాయి. ఫోటో తీసేవాడు నవ్వమంటే ఈనాటికీ పెదాలు మూసుకునే నవ్వుతాను. పెళ్ళయ్యేదాకా ఆ నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు ఇది. పళ్ళతోనే సరిపెట్టుకుని పోతుందని ఎవరు మాటిస్తారు?

నా బిడ్డ సంగతి వేరు. తెలంగాణ వచ్చినంక ఇంటింటికీ కృష్ణా నీళ్ళ నల్లాలు వచ్చాయి. దానికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ నీళ్ళే. పుట్టింట్లోనూ ఆ నల్లా ఉన్నా నమ్మలేక, అక్కడికి పోయినప్పుడు సీసాలకు సీసాలు మోసుకుపోయేదాన్ని. మా వదిన మూతి ముప్పై వంకర్లు తిప్పేది. తిప్పితే తిప్పనీ. దాని పళ్ళు తెల్లగా ఉన్నాయి, దాని చేతులు రబ్బరుముక్కల్లా వంగుతాయి, నాకు అంతే కావాలి.

బొమ్మలు నేర్చుకోవాలి అనగానే నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. చెయ్యి బాగుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? గీత తిన్నగా వస్తే చెయ్యి బాగున్నట్టు. వంకర పోతే లేనట్టు. దవాఖానకు పోకుండా, మొగుడికి చెప్పకుండా, నాకు నేనే తెలుసుకోవచ్చు. అప్పుడు అది ఎంత తెలివైన ఆలోచనగా తోచిందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మొదలు పెన్సిలు. పొద్దున్నే అన్నం పొయ్యి మీద పెట్టి, వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టుకుని, వీడియోలు చూస్తూ గీసేదాన్ని. అందులో అమ్మాయి, "పెన్సిల్‌ని చాలా వదులుగా పట్టుకోండి, చేతిని అలా వదిలేయండి" అని చెప్పేది. వదిలేయడమే నాకు చేతకాలేదు. వదులుగా పట్టుకుంటే పెన్సిలు జారి కింద పడేది. గట్టిగా పట్టుకుంటే గీత లోతుగా దిగి, రబ్బరు పెట్టి రుద్దినా చార మిగిలేది. వృత్తం గీస్తే కోడిగుడ్డు వచ్చేది. గుడ్డు గీస్తే ఏమొచ్చేదో చెప్పను.

అక్కడే మొదలైంది అసలు చిక్కు. నాకు గీయడం కొత్త. కొత్త కాబట్టి గీత వంకర పోతోందా, వేళ్ళు పోతున్నాయి కాబట్టి వంకర పోతోందా? ఏడాది కింద నేను ఒక్క బొమ్మైనా వేసి ఉంటే దాంతో పోల్చి చూసుకునేదాన్ని. వేయలేదు. పాత పనులేమో చెయ్యి దాని దారిన అది చేసుకుపోతోంది. జొన్నరొట్టె కొడుతున్నాను, పూలు అల్లుతున్నాను, బోర్డు మీద రాయడానికి లావుపాటి మార్కరు ఉంది కాబట్టి అదీ రాస్తున్నాను. తప్పుతున్నది ఒక్క కొత్త పనిలోనే. కొత్త పనిలో తప్పనివాళ్ళెవరు? ఈ ప్రశ్నను నేను బస్టాండులో, వంటింట్లో, పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఎక్కడ పడితే అక్కడ నమిలాను. జవాబు రాలేదు కానీ ఆకలి పోయింది.

పిల్లలకు పెన్సిలు కంటే రంగులిష్టం అని సాకు చెప్పి క్రేయాన్లకు మారాను. అవి లావుగా ఉంటాయి, పట్టు దొరుకుతుంది. కానీ నొక్కితే పుటుక్కున విరుగుతాయి. మైనం రంగు ఒకసారి కాగితం మీద పడితే చెరపడానికి లేదు. నేను వేసిన మామిడిపండును బోర్డుకు అతికించి ఇదేందిరా అని అడిగితే, ముందు బెంచీ పిల్లవాడు లేచి "కోడిపిల్ల టీచర్" అన్నాడు. క్లాసంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే బల్ల కింద వేళ్ళు ముడిచి తెరిచి చూసుకున్నాను.

తర్వాత నీటిరంగులు. బుక్‌స్టాలులో చిన్న బిళ్ళల డబ్బా కొన్నాను. సన్నటి బ్రష్ పట్టుకుంటే చూపుడువేలి కణుపు దగ్గర చురుక్కుమనేది. అయినా ఆ రంగులు నీళ్ళల్లో విచ్చుకుని పారుతుంటే చూడ్డానికి బాగుండేది. ఒక పొద్దున నల్లగుట్టల మీద చీకటి విడుతున్న ఆకాశాన్ని ముదురు నీలంతో నింపాను. తడిగా ఉన్నప్పుడు ఎంత బాగుందో! చీర కట్టుకుని వచ్చి చూసేసరికి నీలం ఆరిపోయి, దాని నిండా తెల్లటి మచ్చలు, బూజు పట్టినట్టు. మరునాడు మళ్ళీ వేశాను. మళ్ళీ మచ్చలు. బ్రష్ ఒకచోట ఎక్కువ నొక్కుతున్నానేమో, ఒకచోట తక్కువేమో, చెయ్యి నా మాట వినడం లేదేమో అని కాగితాన్ని వెలుగుకు పట్టి వెతికాను. వీడియోలో అమ్మాయి ఈ రోగం గురించి ఎక్కడా చెప్పలేదు.

తేల్చింది మా ఆయన. పత్తి జిన్నింగు మిల్లుకు పోవడానికి చెప్పులేసుకుంటూ కాగితం కేసి చూసి, "ఏ నీళ్ళు పోసినవే దీనికి?" అన్నాడు.

"వాడకం నీళ్ళే. తాగే నీళ్ళు పోస్తరా ఏంది రంగులకు?"

"మన బకీట్లకు పట్టినట్టే పట్టింది జూడు, తెల్లగ. బోరు నీళ్ళ సుద్ద అది. నీ తప్పేం లేదు, ఊకో."

మా వైపు ఏ ఇంట్లోనైనా రెండు నీళ్ళుంటాయి. తాగే నీళ్ళు బిందెలో, వాడకం నీళ్ళు తొట్టిలో. తాగే నీళ్ళతో కాళ్ళు కడిగితే మా అవ్వ నా వీపు మీద ఒక్కటిచ్చేది. అలా పెరిగిన చెయ్యి బ్రష్ ముంచడానికి బిందె వైపు పోలేదు. ఆ రోజు మొట్టమొదటిసారి బిందెలోంచి గ్లాసుడు తాగే నీళ్ళు తీసి రంగుల్లో పోశాను. దొంగతనం చేసినట్టే ఉంది. ఆకాశం మచ్చ లేకుండా ఆరింది. "నీ తప్పేం లేదు" అన్న ముక్క పట్టుకుని రెండు రోజులు హాయిగా తిరిగాను. తప్పు నీళ్ళదే, నాది కాదు. అంతలోనే ఆ మాటే తిరగబడి కరిచింది. బకెట్‌కు పట్టింది, కాగితానికి పట్టింది, మరి మనిషికి పట్టదా? కోపంతో ఆ డబ్బాను బీరువా మీదికి విసిరేశాను.

పోస్టర్ రంగుల దగ్గర మాత్రం నాకు దశ తిరిగింది. పెరుగంత చిక్కగా ఉంటాయవి. తప్పు వేస్తే దాని మీదే ఇంకో రంగు పూసెయ్యొచ్చు. బ్రష్ కూడా బొటనవేలంత లావు, పిడికిలి నిండా పట్టుకోవచ్చు. బంతిపూలు వేశాను, మిరపకాయల రాశి వేశాను, గునుగుపూలు పేర్చిన బతుకమ్మను వేశాను. ఈసారి బతుకమ్మను బతుకమ్మేనని పిల్లలు గుర్తుపట్టారు. పెద్ద మేడం దాన్ని ఆఫీసు గదిలో పెట్టించింది. కొత్త సారు కోసం వెతకడం కూడా ఆపేసినట్టుంది. క్లాసులో బోర్డుకు పెద్ద షీటు అతికించి నేను వేస్తూ ఉంటే, పిల్లలు బెంచీల మీద చూసి వేసేవాళ్ళు. మూడో తరగతిలో ఉన్న నా బిడ్డ కూడా అందులోనే. నేను వాళ్ళ మధ్య తిరుగుతూ కాగితాలు చూసేదాన్ని, రంగు బయటికి పోయిందా, తెల్లజాగా మిగిలిందా అని. పొద్దున వేళ్ళ బిగువు తగ్గలేదు కానీ, బొమ్మలు వస్తున్నాయి కదా. వచ్చాయంటే చెయ్యి బాగున్నట్టే కదా. నా పరీక్షలో నేను పాసయ్యానని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ ధైర్యంతోనే ఒక ఆదివారం పుట్టింటికి పోయినప్పుడు బాపు బొమ్మ వేద్దామనుకున్నాను. వీడియోల్లో బొగ్గు కడ్డీలతో మనుషులను వేయడం చూశాను. చిట్యాలలో అవి దొరకలేదు. అన్న పొలంలో ఎండిన కందికట్టెలు ముక్కలు చేసి, మూత ఉన్న డబ్బాలో కూరి, పొయ్యిలో పెట్టి కాల్చాను. సగం బూడిదయ్యాయి, సగం మెత్తటి బొగ్గయ్యాయి. బొగ్గును అడ్డంగా పట్టుకుని మోచేతితో లాగితే చాలు, వేళ్ళతో పనే లేదు. అరుగు మీద కూచున్న బాపును చూస్తూ ఆ వంగిన వీపును ఒక్క లాగుడులో తెచ్చాను. అంత మంచి గీత నేను అంతకుముందు ఎన్నడూ గీయలేదు.

బాపు ఒళ్ళు పక్కకు తిప్పి కాగితాన్ని చూశాడు. "నా ఈపేనా గిది? కొడవలి లెక్కుంది" అని నవ్వాడు. కోపం రాలేదు. ఆయన మంచి హుషారులో ఉన్నాడని చూసి, ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్న మాట అడిగాను.

"బాపూ, నీకు మొదలు యాడ పట్టింది? ఎట్ల ఎర్కైంది నీకు?"

"ఎర్కనే కాలే బిడ్డా." ఆయన కాసేపు గుర్తు చేసుకున్నాడు. "గప్పుడు మీ కాక స్కూటర్ తెచ్చిండు గద, నేర్సుకుంటుంటి. క్లచ్చు పట్టబోతే చేతి ఏళ్ళు ముడుసుకోకపోయేటియి. కొత్త గద, అందుకే వస్తలేదు అనుకున్న."

నేను బొగ్గు కింద పెట్టాను. "మరి తర్వాత?"

"తర్వాత ఏముంది, వచ్చింది. అరచెయ్యి ఆనిచ్చి గుంజుడు నేర్సుకున్న. నల్లగొండ దాంక తోలుకపోయేటోన్ని. బాగ తోల్తవని అందరు అంటుండిరి. అటెన్క ఒకనాడు బనీను తలమీదికెళ్ళి తియ్యరాలే. గప్పుడు ఎర్కైంది." చెప్పి ఆయన నా మొహం వైపు చూడాలని భుజం తిప్పాడు. "ఎందుకు అడుగుతున్నవ్?"

"ఊకెనే" అన్నాను. చేతులు కడుక్కునే వంకతో లేచి పోయాను. నల్లబడ్డ నీళ్ళు కారడం ఆగేదాకా కడుగుతూనే ఉన్నాను.

తిరుగు బస్సులో బిడ్డ నా ఒడిలో పడుకుంది. నాకు కూచున్నచోట కూచున్నట్టు లేదు. బాపుకు స్కూటర్ తోలడం వచ్చింది. వచ్చింది కాబట్టే ఆయన తెలుసుకోలేకపోయాడు. నేను ఇన్నాళ్ళూ నేర్చుకున్నది బొమ్మలా, చేతికి ఆసరాలా? పెన్సిలు వదిలి క్రేయాను, సన్న బ్రష్ వదిలి లావు బ్రష్, అది కూడా వదిలి మోచేతితో లాగే బొగ్గు. నాకిష్టమై మారాననుకున్నాను. ప్రతిసారీ వేళ్ళకు పని తగ్గించే దాని దగ్గరికే పోయానా? కాదు, కాదు, నువ్వు ప్రతిదానికీ అనుమానపడే దానివి, మా ఆయన అన్నట్టు నీకు ఫికరే రోగం, అని నన్ను నేను తిట్టుకున్నాను. పోస్టర్ రంగులు అందరికీ సులువే, బొగ్గూ అందరికీ సులువే. అలా సర్దిచెప్పుకుంటూ ఒక వారం గడిపాను. ఆ వారం ఏం వండానో, ఎవరేం తిన్నారో నాకు గుర్తు లేదు.

తర్వాతి ఆదివారం పొద్దున, ఇంటి ముందు చాప వేసుకుని బిడ్డా నేనూ రంగులు ముందేసుకున్నాం. నేను షీటుకు అంచులు మడుస్తున్నాను. అది అప్పటికే మొదలుపెట్టి సీతాఫలం వేస్తోంది. తలెత్తి కాగితం చూడబోయి దాని చెయ్యి చూశాను.

బ్రష్ దాని పిడికిట్లో ఉంది. బొటనవేలు లోపలికి మడిచి ఉంది. చూపుడువేలు మడత పడకుండా కర్రలా ముందుకు చాచి ఉంది. మణికట్టు కదలడం లేదు, మోచెయ్యి కదులుతోంది.

చాప మీద నుంచి ఎలా లేచానో, ఎప్పుడు దాని చెయ్యి పట్టుకున్నానో తెలియదు. రంగు గిన్నె తిరగబడి పచ్చరంగు ఇద్దరి మీదా పడింది. సీసాలకు సీసాలు మోశాను కదా, ఒక్క చుక్క తాగనివ్వలేదు కదా, ఎక్కడ తాగావే, ఎవరి ఇంట్లో తాగావే అని నేను అరుస్తున్నాను. "నొస్తాందా? గిక్కడ నొస్తాందా? ఎప్పటి సంది?"

అది బిత్తరపోయింది. నేను దాని వేళ్ళు ఒక్కొక్కటే పట్టి వంచాను. వంగాయి. వెనక్కి వంచాను. లేత బెండకాయల్లా వెనక్కీ వంగాయి. బొటనవేలు మణికట్టును తాకింది. దానికి చక్కిలిగింత పుట్టి నవ్వడం మొదలుపెట్టింది. దాని చేతికి ఏమీ లేదు.

"మరి గట్ల ఎందుకు పట్టుకున్నవే?" అని అడిగాను.

"గట్లనే గదమ్మా పట్టుకునేది? నువ్వు గట్లనే పడ్తవ్." అది పచ్చరంగు చేతిని గౌనుకు తుడుచుకుంది. "మా క్లాసుల అందరం గట్లనే పడ్తున్నం."

అందరూ. ముందు బెంచీ పిల్లవాడి దగ్గర నుంచి వెనకబెంచీ దాకా, ముప్పైమంది పసిపిల్లలు, ఏ రోగం లేని వేళ్ళను బిగదీసుకుని, బొటనవేలు ముడుచుకుని కూచున్న క్లాసు నా కళ్ళ ముందు కనపడింది. వాళ్ళ మధ్య నెలలకు నెలలు తిరిగాను. కాగితాలు చూశాను, ఒక్కరి చెయ్యి చూడలేదు. టీచరు ఎలా పట్టుకుంటే అదే పద్ధతి అనుకుని, పాపం, కష్టపడి నేర్చుకున్నారు.

"కాదు బిడ్డా, అట్ల కాదు."

"మరెట్ల? సూపియ్యి."

కింద పడ్డ బ్రష్ తీసుకున్నాను. వీడియోలో అమ్మాయి పట్టుకున్నట్టు బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తేబోయాను. చూపుడువేలు రాలేదు. ఎడమచేత్తో దాన్ని కిందికి నొక్కాను. వదలగానే మళ్ళీ చాచుకుంది. బిడ్డ నా చేతినే చూస్తూ, నేను దానికి చేసినట్టే, తన రెండు చేతులతో నా వేలు పట్టుకుని నవ్వుతూ వంచింది. నొప్పికి నేను కేక పెట్టాను.

ఆ కేకకు మా ఆయన గడ్డం సబ్బుతోనే బయటికి వచ్చాడు. చాప మీద పచ్చరంగు, ఏడుపు మొహంతో బిడ్డ, చెయ్యి చాపుకుని నేను. "ఏమైందే? ఏందే గిది?" అన్నాడు.

ఇన్నాళ్ళూ వేడినీళ్ళ చెంబులో, బల్ల కింద, కొంగు చాటున దాచిన చెయ్యి ఆయన ముందుకు చాపాను. "వంచి జూడు" అన్నాను. ఆయన నేనేదో ఆటలాడుతున్నాననుకుని వేలు పట్టుకున్నాడు. ఒకసారి నొక్కాడు. ఆపాడు. ఇంకో వేలు పట్టుకున్నాడు, దాన్ని మాత్రం చాలా మెల్లగా. ఆయన మా బాపు చేతులను చూసిన మనిషి, నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"రేపు బడికి రానని చెప్పు. నల్లగొండ దవాఖానకు పోదాం" అన్నాడు.

అన్ని నెలల్లో నాకు భయమే తప్ప ఏడుపు రాలేదు. అప్పుడు వచ్చింది.